సేద్యం మొదలుపెట్టాలనుంది, ఎవర్ని అడగాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు అన్నీ ఒకటే దారిలో ఉన్నాయి. ఎకరమో రెండెకరాలో చేతికొచ్చింది, లేదా రాబోతోంది, ఇక రైతు అయిపోదామని ఉంది, కానీ ఎవర్ని అడగాలో తెలియదు. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలు పక్కనపెట్టి ఇవే తీసుకున్నా. ఒకే రకంవి కలిపేశాను, పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరివీ తీసేశాను.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఇద్దరం ఐటీ ఉద్యోగులం. చేవెళ్ల దగ్గర మా అత్తగారి వైపు నుంచి రెండెకరాల చెలక వచ్చింది, ఒక బోరు ఉంది, రెండించుల నీళ్లు పోస్తదని చెప్తున్నారు. మాకు వ్యవసాయంలో ఓనమాలు తెలియవు. శని, ఆదివారాలు వెళ్లగలం. మామిడి, జామ, డ్రాగన్ ఫ్రూట్, కూరగాయలు, యాభై కోళ్లు, రెండు ఆవులు అనుకుంటున్నాం. మంచి ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది?

లిస్టు చూసి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. వారానికి రెండు రోజులు వచ్చే మనుషులకి ఆవులు ఎందుకండీ, ఆవుకి ఆదివారం సెలవు ఉండదు, పొద్దున నాలుగున్నరకి పాలు పిండే మనిషి రాకపోతే ఆ రోజు మీరు మీటింగ్‌లో ఉన్నా సరే ఫోన్ మోగుతుంది. ఆవులు, డ్రాగన్ ఫ్రూట్ రెండూ కొట్టేయండి ముందు. డ్రాగన్ ఫ్రూట్ చెడ్డ పంట అని కాదు, స్తంభాలు, రింగులు, డ్రిప్ అన్నీ కలిపి ఎకరానికి లక్షల్లో పోతుంది, ఓనమాలు దిద్దే పలక అంత ఖరీదైనది అక్కర్లేదు.

ఇక ట్రైనింగ్ సంగతి. అందరూ ముందు రాజేంద్రనగర్ పరిగెత్తాలనుకుంటారు, అది తర్వాత. మీ మొదటి ట్రైనింగ్ సెంటర్ మీ గెట్టు అవతల ఉంది. మీ చెలకకి నాలుగు వైపులా ఎవరెవరు చేస్తున్నారో చూడండి, అందులో బోరు మీదో వాన మీదో ఏళ్లుగా అదే నేల దున్నుతున్న మనిషి ఒకరు కచ్చితంగా ఉంటారు. ఆయన్ని అడగాల్సింది "ఏ పంట వేస్తే లాభం" అని కాదు, ఆ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు, చెప్పలేరు కూడా. మా చెలకలో ఇంతకుముందు ఏం వేశారు, ఎక్కడ నీళ్లు నిలుస్తయి, ఎక్కడ రాయి తగుల్తది, మే నెలల బోరు ఎంత పోస్తది, కోతులు ఏ దిక్కు నుంచి వస్తయి, అడివి పందులు ఉన్నయా, ఇలా అడగండి. ఆ బోరు రెండించులు అన్నమాట ఏ నెలలో అన్నారో కూడా కనుక్కోండి, అక్టోబర్‌లో రెండించులు పోసేది ఏప్రిల్ చివరికి వేలంత అయ్యే బోర్లు రంగారెడ్డి జిల్లాలో బోలెడు. మేలో ఎంత పోస్తే అదే మీ నీళ్లు, మామిడి పెట్టినా మడి చేసినా లెక్క దాని మీదే వేసుకోవాలి. కోతుల మాట తేలిగ్గా తీసుకోకండి, మొక్కజొన్న, వేరుశనగ, జామ, కూరగాయలు ఏదీ వదలవు, మనిషి కాపలా లేని చేను వాటికి తెలిసిపోతుంది.

రెండోది మీ ఊరి రైతు వేదిక, అంటే రైతుల మీటింగులకి కట్టిన హాలు. తెలంగాణలో దాదాపు అయిదు వేల ఎకరాలకి ఒక క్లస్టర్, దానికి ఒక ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, అన్న లెక్కన పెట్టారు. మీ పాస్‌బుక్ జిరాక్స్ పట్టుకెళ్లి పరిచయం చేసుకోండి. ఆ ఒక్క మనిషి మీద పంట నమోదు దగ్గర్నుంచి పథకాల లిస్టుల దాకా చాలా పని ఉంటుంది కాబట్టి మీ చెలకకి వచ్చి కూర్చుని పాఠం చెప్తారని అనుకోవద్దు, కానీ ఆ మండలంలో ఏ రైతు ఏం బాగా పండిస్తున్నాడో ఆ మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "కూరగాయలు బాగా చేసేవాళ్లు ఎవరున్నారు సార్, వాళ్ల చేను చూపిస్తారా" అని అడగండి, అది వాళ్లకీ ఇష్టమైన పని. మంగళవారాలు రైతు వేదికల్లో రైతునేస్తం అని వీడియోలో శాస్త్రవేత్తలు మాట్లాడే కార్యక్రమం పెడుతున్నారు, ఒక మంగళవారం లీవు పెట్టి కూర్చోండి, పాఠం సంగతి ఎలా ఉన్నా పక్కన కూర్చున్న రైతులు అడిగే ప్రశ్నలు వినడానికే వెళ్లొచ్చు.

మూడోది కృషి విజ్ఞాన కేంద్రం. రంగారెడ్డి జిల్లాకి హయత్‌నగర్ దగ్గర ఉన్న పరిశోధన క్షేత్రంలో ఉంది, సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన చేసే క్రిడా సంస్థ దాన్ని నడుపుతుంది. మీది వాన మీద, సన్నగా నీళ్లున్న చెలక కాబట్టి మీకు సరిగ్గా పనికొచ్చే చోటు అదే. కేవీకే అంటే రైతులకి చేసి చూపించడానికి పెట్టిన సంస్థ, దేశంలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో మొదలైంది. అక్కడ ఒకటి రెండు రోజుల శిక్షణలు పెడుతుంటారు, మీ పేరు, ఫోన్ నెంబర్, ఏ పంట మీద ఆసక్తి అన్నది రాయించి రండి. కూరగాయల నారు, షేడ్ నెట్ లాంటివి చూడాలంటే జీడిమెట్ల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ మీ కూకట్‌పల్లికి పక్కనే, ఉద్యాన శాఖది. పండ్ల తోటలకి సిద్దిపేట జిల్లా ములుగులో ఇంకోటి ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా అక్కడే. ఇక రాజేంద్రనగర్‌లో వరికి, చిరుధాన్యాలకి, నూనెగింజలకి, కోళ్లకి వేర్వేరు జాతీయ పరిశోధన సంస్థలు, వ్యవసాయ వర్సిటీ, పశువైద్య వర్సిటీ అన్నీ ఒకే రోడ్డు చుట్టూ ఉన్నాయి, ఇంత సౌకర్యం దేశంలో చాలా నగరాలకి లేదు, మనం మాత్రం ఆ రోడ్డుని ఎయిర్‌పోర్ట్ షార్ట్‌కట్‌గా వాడుకుంటున్నాం.

వెళ్లేముందు ఒక పని చేసుకుని వెళ్లండి, భూసార పరీక్ష. పంట లేనప్పుడు, ఎండాకాలంలో తీయడం మంచిది. పైన గడ్డీ గాదం పక్కకి తోసి, పారతో ఆరంగుళాల లోతు వి ఆకారంలో గుంత తీసి, ఆ గుంత గోడని పైనుంచి కిందిదాకా అంగుళం మందం పలకలా చెక్కి ఆ మట్టి తీసుకోవాలి. అలా చెలక అంతా అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల. గెట్ల పక్కన, చెట్ల కింద, పెంట పోసిన చోట, నీళ్ల కాలువ దగ్గర తీయొద్దు. అంతా ఒక శుభ్రమైన బట్ట మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి, మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు, అట్లా అర కిలో మిగిలేదాకా. నీడలో ఆరబెట్టాలి. ఎరువుల సంచిలో మాత్రం పెట్టొద్దు, అప్పుడు రిపోర్టులో మీ మట్టి బదులు ఆ సంచి గురించి వస్తుంది. మీ చెలకలో ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క నల్లగా ఉంటే రెండూ వేర్వేరు సంచులు. పండ్ల మొక్కలు పెట్టాలంటే మాత్రం ఈ ఆరంగుళాలు చాలవు, మూడడుగుల గుంత తీసి అడుగడుక్కీ విడిగా తీయాలి. సంచిలో చీటీ మీద పేరు, ఊరు, సర్వే నెంబరు, పోయినసారి వేసిన పంట, ఈసారి వేయబోయే పంట రాయండి.

ఆ రిపోర్టు, పక్క రైతు చెప్పిన మాటలు, మే నెల బోరు లెక్క, ఈ మూడూ పట్టుకుని వెళ్తే ఏ ఆఫీసులో అయినా మీతో అరగంట మాట్లాడతారు. చేతులూపుకుంటూ వెళ్లి "సార్ ఏదైనా మంచి పంట చెప్పండి" అంటే చేతిలో ఒక కరపత్రం పెట్టి పంపిస్తారు, వాళ్లని అనుకుని లాభం లేదు.

మరి జూన్‌లో ఏం వేయాలి అంటారా. నన్నడిగితే ఎకరంన్నరలో కంది వేసి, సాళ్ల మధ్య పెసర వేయండి. తొలకరి పడ్డాక నేల బాగా తడిసినాక విత్తుకోవాలి, మృగశిర కార్తె రాగానే ఒక జల్లు చూసి తొందరపడి విత్తి విత్తనం పోగొట్టుకోవడం కొత్తవాళ్లందరూ చేసేదే, పాతవాళ్లు కూడా చేస్తారనుకోండి. పెసర రెండు నెలల్లో చేతికొస్తుంది, కంది సంక్రాంతి దాకా నిలబడుతుంది. మీకు పెద్దగా డబ్బులు రావు, కానీ దున్నడం, విత్తడం, కలుపు, పురుగు, కోత, కొట్టడం అన్నీ ఒక చుట్టు చూస్తారు. బోరు దగ్గర అయిదు గుంటల్లో మాత్రం పాలకూర, తోటకూర, మెంతికూర, కొత్తిమీర. ఎందుకంటే ఆకుకూరలో తప్పు చేస్తే నెలలో తెలిసిపోతుంది, మళ్లీ వేస్తారు, మళ్లీ చేస్తారు. అదే మామిడిలో మొక్కల దూరం తప్పు పెట్టారనుకోండి, అయిదారేళ్లకి తెలుస్తుంది, అప్పటికి మీరు ఇంకో కంపెనీ మారి ఉంటారు. తోట ఎక్కడికీ పోదు, నేల అర్థమైనాక రెండో ఏడో మూడో ఏడో పెట్టుకోండి.

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర మాకు ఇల్లు, వెనక పదిహేను గుంటల జాగా ఉంది. సంతలో యాభై కోడిపిల్లలు కొన్నాం, రెండు వారాల్లో సగానికి పైగా పోయాయి. కొన్ని మెడ తిప్పుకుని పడిపోయాయి. ఎవరో కొక్కెర తెగులు అన్నారు. మళ్లీ కొందామనుకుంటున్నాం, ఎక్కడ కొనాలి, ముందే ఏం నేర్చుకోవాలి? – ఒక గృహిణి

మెడ తిప్పుకోవడం, ఆకుపచ్చ తెలుపు కలిసిన విరేచనాలు ఉంటే కొక్కెర తెగులే అయ్యుండొచ్చమ్మా, చచ్చిన పిల్లని చూపించకుండా కచ్చితంగా చెప్పలేం. ఈసారి ఏదైనా పోతే పారేయకుండా కవర్లో పెట్టి అదే రోజు దగ్గర్లోని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి, డాక్టర్‌కి కోసి చూస్తే చాలా తెలుస్తుంది. ఈ రోగం వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయాలి, అంతే.

కొనేది ఈసారి సంతలో వద్దు, అక్కడ పది ఊళ్ల కోళ్లు కలుస్తాయి, రోగాలూ కలుస్తాయి. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంచాలనాలయం ఉంది, పెరట్లో పెంచుకోవడానికని వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే రకాలు తయారుచేసింది వాళ్లే. గుడ్ల కోసమైతే గ్రామప్రియ, గుడ్లూ మాంసం రెండూ అనుకుంటే వనరాజా. చూడ్డానికి మన నాటుకోడిలాగే రంగురంగులుగా ఉంటాయి కాబట్టి అమ్ముకోవడానికీ ఇబ్బంది లేదు. వెళ్లిన రోజే పిల్లలు దొరకవు, ముందు బుక్ చేసుకోవాలి. ఇంకో సంగతి, ఈ రకాలు పొదగవు, అందుకే రెండు మూడు నాటు పెట్టల్ని పక్కన ఉంచుకోండి, పొదుగుకి కూర్చున్న పెట్ట కింద గుడ్లు పెడితే అదే తల్లిలా పిల్లల్ని తిప్పుకొస్తుంది.

మొదటి నెల పిల్లల్ని ఆరుబయట వదలకండి, మీ పిల్లలు సగం దానికే పోయి ఉంటాయని నా అనుమానం. అట్టముక్కతోనో రేకుతోనో గుండ్రంగా కంచె కట్టండి, మూలలు ఉండకూడదు, మూల ఉంటే చలికి అన్నీ అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి కింద ఉన్నవి ఊపిరాడక పోతాయి. కింద రెండు మూడు అంగుళాలు వరి పొట్టు, మొదటి రెండు మూడు రోజులు దాని మీద న్యూస్‌పేపర్, లేకపోతే పొట్టు తింటాయి. పైన బల్బు, పిల్లకి రెండు వాట్ల లెక్కన, యాభై పిల్లలకి వంద వాట్లు. ఇప్పుడొచ్చే ఎల్ఈడీ బల్బు వెలుతురే ఇస్తుంది, వేడి రాదు, పాత రకం గుండు బల్బు వెతికి తెచ్చుకోవాలి. మొదటి వారం లోపల 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, తర్వాత వారానికి అయిదు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటర్ లేకపోతే పిల్లల్నే చూడండి. బల్బు కిందికి చేరి ముద్దగా కూర్చుని కీచుకీచుమంటే చలి, బల్బు కొంచెం కిందికి దించండి. కంచె అంచుకి పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ, పైకి ఎత్తండి. అంతటా పరుచుకుని తింటూ తిరుగుతుంటే సరిపోయినట్టు. రాత్రి పడుకునేముందు ఒకసారి, తెల్లారుజామున ఒకసారి లేచి చూడాలి, కరెంట్ పోతే అనేది మర్చిపోవద్దు. నీళ్ల పళ్లెంలో నాలుగు గులకరాళ్లు వేయండి, పిల్లలు పడి మునిగిపోకుండా.

టీకా అయిదో రోజు నుంచి ఏడో రోజు లోపల లసోటా, అదే కొక్కెర తెగులుది, కంట్లో ఒక చుక్క. తర్వాత గంబోరో అనే ఇంకో రోగానిది, మళ్లీ లసోటా, మశూచి టీకా, రెండు నెలలప్పుడు ఆర్‌టూబీ అని మళ్లీ కొక్కెరకే ఇంజెక్షన్, ఈ షెడ్యూల్ మొత్తం పిల్లలు తెచ్చుకునే చోటే కాగితం మీద రాయించుకోండి. అసలు చిక్కు ఏంటంటే ఈ టీకా సీసా వంద, అంతకంటే ఎక్కువ కోళ్లకి సరిపడా వస్తుంది, ఐస్‌లో పెట్టి తేవాలి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. మీవి యాభయ్యే కాబట్టి వీధిలో కోళ్లున్న అందరికీ చెప్పి ఒకే రోజు అందరి కోళ్లకీ వేయించండి, ఖర్చు పంచుకోవచ్చు, పైగా పక్కింటి కోడికి లేకుండా మీ కోడికి ఒక్కదానికే వేస్తే సగం పనే అయినట్టు. ఇంటి దగ్గరికి పశువైద్య బండి రావాలంటే 1962 కి ఫోన్ చేయొచ్చు, అది మేకలకి, గేదెలకి ఎక్కువ పనికొస్తుంది, కోళ్లకి మీరే ఆస్పత్రికి వెళ్లడం నయం.

ప్రశ్న: శంషాబాద్ అవతల అర ఎకరంలో మిరప పెట్టాను. ఆకు ముడుచుకుపోతోంది. ఎరువుల షాపులో ఒక మందు ఇచ్చాడు, తగ్గలేదు, ఫోన్లో తెలిసినాయన ఇంకోటి చెప్పాడు, అదీ కొట్టా, తగ్గలేదు. మూడోది కొట్టమంటారా?

వద్దు, ఆగండి. ముందు ఆ ఆకు ఎటు ముడుచుకుంది? మీ ప్రశ్నలో అది లేదు, షాపులో కూడా చెప్పి ఉండరు. అంచులు పైకి తిరిగి దోనెలా అయితే పైముడత, తామరపురుగు పని. కిందికి తిరిగి తిరగేసిన దోనెలా ఉండి, ఆకు కాడ పొడుగ్గా సాగితే కింది ముడత, అది నల్లి, ఆకు రసం పీల్చే సన్నటి పురుగు. ఈ రెంటికీ మందులు వేరు, తామరపురుగు మందు కొడితే నల్లి చాలాసార్లు చావదు సరికదా, దాన్ని తినే మంచి పురుగులు చచ్చి ఇంకా పెరుగుతుంది. ఆకులు చిన్నవై, పచ్చ పసుపు కలిసి, మొక్క గిడసబారిపోతే వైరస్ కావచ్చు, అది తెల్లదోమ తెస్తుంది, దానికి మందు లేదు, ఆ మొక్క పీకి చేనుకి దూరంగా పూడ్చేయడమే.

అందుకే అడిగే పద్ధతి నేర్చుకోండి. ఒక జబ్బు మొక్కని వేరుతో సహా, పక్కనే ఒక మంచి మొక్కని కూడా పీకి తడి పేపర్‌లో చుట్టి తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఉడికిపోతుంది. ఆకు వెనక వైపు తప్పకుండా చూపించాలి, పురుగులు సగం అక్కడే ఉంటాయి. ఫోటో పంపినా చేను మొత్తం ఒకటి, మొక్క ఒకటి, ఆకు ముందూ వెనకా. ఎప్పుడు నాటారు, ఏ రోజుల్లో మొదలైంది, చేనంతా ఉందా ఒక మూలేనా, ఏ మందు ఎంత మోతాదులో ఎప్పుడు కొట్టారు, ఇవి ఒక చీటీ మీద రాసుకుని మండల వ్యవసాయాధికారి దగ్గరికో ఉద్యానాధికారి దగ్గరికో వెళ్లండి. పోలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉచితం, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులోనే మాట్లాడతారు, 2004 నుంచి నడుస్తోంది. కానీ ఫోన్లో వాళ్లకి మీ ఆకు కనిపించదు కదా, మీరు "ముడుచుకుంది" అని మాత్రమే చెప్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

షాపాయన్ని నేను తిట్టను, చాలా ఊళ్లలో రైతుకి అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది ఆయనే. కాకపోతే ఆయన అరలో ఉన్నదే ఆయన సలహా. బిల్లు మాత్రం ప్రతిసారీ తీసుకోండి, బ్యాచ్ నెంబర్ ఉన్న బిల్లు.

ప్రశ్న: నాకు సెంటు భూమి లేదు. ఉప్పల్‌లో అద్దెకుంటాను, ప్రైవేట్ ఉద్యోగం. కానీ ఎప్పటికైనా ఊరెళ్లి సేద్యం చేయాలని. భూమి లేకుండా నేర్చుకోవచ్చా?

లేకుండా నేర్చుకోవడమే మంచిది తమ్ముడూ, అప్పు లేకుండా నేర్చుకుంటావు. సీజన్ మొదట్లో, అంటే జూన్ ముందు, తెలిసిన రైతు ఎవరైనా ఉంటే "ఆదివారాలు వచ్చి పని చేస్తా, కూలి వద్దు, నాకు చెప్పండి" అని అడుగు. మొదట నమ్మరు. ఏదో వీడియో తీసుకోడానికి వచ్చాడనుకుంటారు. ఫోన్ జేబులోంచి తీయకుండా నాలుగు ఆదివారాలు కలుపు తీస్తే అయిదో ఆదివారం వాళ్లే అన్నం పెట్టి చెప్తారు. ఒక పంట మొదటి నుంచి చివరిదాకా చూడు, మధ్యలో చేను మార్చొద్దు. ఏ రోజు వాన పడింది, ఏ రోజు విత్తారు, ఎంత కూలి అయింది, ఎంతకి అమ్మారు, చిన్న నోట్‌బుక్ పెట్టు. చివర్లో ఆ లెక్క ఆ రైతుకే చూపించు, చాలామంది వాళ్ల సొంత కష్టం అందులో కలుపుకోరు కాబట్టి వాళ్లకి కూడా కొత్తగానే ఉంటుంది.

తర్వాత కావాలంటే పది గుంటలు కౌలుకి తీసుకో. 40 గుంటలు ఒక ఎకరం, పది గుంటలంటే 1210 గజాలు, ఒక మనిషి సొంత చేతుల్తో ఆకుకూరలు చేయడానికి అదే ఎక్కువ. కౌలు మాట ఎంత, ఎప్పుడివ్వాలి, నీళ్లు ఎన్ని గంటలు, మోటార్ కాలిపోతే ఎవరు బాగుచేయించాలి, ఇవన్నీ ముందే మాట్లాడుకో. మోటార్ సంగతి మాట్లాడుకోకుండా మొదలుపెట్టిన కౌళ్లు చాలా వరకు మోటార్ దగ్గరే తెగిపోతాయి.

డిగ్రీ వ్యవసాయంలో చేసి ఉంటే రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ ఆధ్వర్యంలో అగ్రి క్లినిక్‌ల శిక్షణ, అంటే రైతులకి సలహాలిచ్చే సొంత కేంద్రం పెట్టుకోవడానికి శిక్షణ ఉంది, 45 రోజులది, 2002 నుంచి నడుస్తున్న పథకం. నువ్వు ఏం చదివావో రాయలేదు కాబట్టి ఇంతవరకే.

ప్రశ్న: యూట్యూబ్‌లో జీవామృతం ఒక్కటి పోస్తే చాలు ఎరువే అక్కర్లేదంటున్నారు. నిజమేనా?

జీవామృతం చేయడం కష్టం కాదు. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గెట్టు మీది మట్టి గుప్పెడు, నీడలో రెండు రోజులు పెట్టి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పి ఎకరానికి పారించుకోవడం. చేసి చూడండి, నష్టం లేదు. కానీ ఏళ్ల తరబడి యూరియా తప్ప పెంట ముఖం చూడని చెలకలో డ్రమ్ము నీళ్లు పోసి అద్భుతం జరుగుతుందనుకుంటే నేను ఒప్పుకోను. ముందు పశువుల ఎరువు, పచ్చిరొట్ట, జనుమో జీలుగో వేసి పూతకొచ్చేముందు దున్నేయడం, చెత్త తగలబెట్టకపోవడం, ఇవి చేయండి, ఆ సూక్ష్మజీవులకి తినడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మన అల్వాల్ రైతు చింతల వెంకట్‌రెడ్డి గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, పై మట్టి లోపలి మట్టి మార్చి వాడే పద్ధతికి పేరు ఆయనది. అలాంటివి చూసినప్పుడు కూడా ఆయన నేల ఎంత లోతు, మీది ఎంత లోతు అని ముందు గుంత తీసి చూడండి, అడుగున్నరకే మొరం తగిలే చెలకలు మన చుట్టూ ఉన్నాయి.

వీడియోలో మూడు చూడండి. ఏ జిల్లా, ఎన్ని నీళ్లు, ఆ మనిషి పంట అమ్మి బతుకుతున్నాడా మొక్కలు అమ్మి బతుకుతున్నాడా. మూడోది తేలితే చాలు.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని. వికారాబాద్ వైపు ఎకరంన్నర. మేం కార్లో దిగగానే ట్రాక్టర్ కిరాయి, కూలి రేటు అన్నీ ఎక్కువ చెప్తున్నారు. "హైదరాబాద్ మేడం" అయిపోయాను. ఎలా?

మేడం, మీరు హైదరాబాద్ మేడమే, దాన్లో దాచేదేం లేదు. ఎక్కువ చెప్పడానికి సగం కారణం కారు, సగం కారణం మీ పని చిన్నది. ఎకరంన్నరకి ట్రాక్టర్ ప్రత్యేకంగా రావాలంటే వాడికి డీజిలే గిట్టదు. పక్క చేను దున్నే రోజే మీది కూడా దున్నించేటట్టు పక్కవాళ్లతో మాట్లాడుకోండి, రేటు దానంతటదే దిగుతుంది. గంటకి మాట్లాడాలా ఎకరానికి మాట్లాడాలా అన్నది ఊరి పద్ధతి కనుక్కుని అట్లాగే మాట్లాడండి, మీ సొంత పద్ధతి పెట్టొద్దు.

కూలీల దగ్గర ఊళ్లో నడిచే రేటే ఇవ్వండి, తక్కువా వద్దు ఎక్కువా వద్దు. జాలిపడి యాభై ఎక్కువ ఇస్తే పక్క రైతు మీ మీద పీకలదాకా కోపం పెట్టుకుంటాడు, ఎందుకంటే మర్నాడు ఆయన కూడా అంతే ఇవ్వాలి. కలుపుకి వచ్చే ఆడవాళ్లలో ఒకామె మాట మిగతావాళ్లు వింటారు, ఆమె ఎవరో కనిపెట్టి "పెద్దమ్మా, ఎల్లుండి మా చేనుకి రాగలరా" అని ఆమెనే అడగండి. డబ్బులు ఆ సాయంత్రమే ఇచ్చేయండి, ఫోన్‌పే అంటే కొందరికి కుదరదు, చిల్లర తెచ్చుకోండి. మధ్యాహ్నం వాళ్లు సద్ది తినేటప్పుడు మీరు కారులో ఏసీ వేసుకుని కూర్చోకుండా అదే చెట్టు కింద కూర్చుంటే ఊరి సంగతులన్నీ అక్కడే తెలుస్తాయి, ఏ బోరు ఎండింది, ఎవరి విత్తనం మొలవలేదు, ఎవరు భూమి అమ్ముతున్నారు, అన్నీ. "ఎట్లున్నది మేడం మీ కంది" అని అడిగినప్పుడు బాగుందని చెప్పి ఊరుకోకుండా "మీరే చూసి చెప్పండక్కా" అనండి, ఇక చెప్పడం ఆపరు. టీచర్లకి ఇది కొంచెం కష్టమే.

వికారాబాద్ వైపు కాబట్టి కంది సంగతి వాళ్లకి బాగా తెలుసు, పక్కనే తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ప్రశ్న: పండించడం కొంచెం వచ్చింది, వంకాయ, బెండ, ఆకుకూరలు వస్తున్నాయి. ఎక్కడ అమ్మాలి? బోయిన్‌పల్లి తీసుకెళ్తే ఆటో ఖర్చు కూడా రాలేదు. – శామీర్‌పేట్ నుంచి

నాలుగు బుట్టలకి బోయిన్‌పల్లి సరిపడదు, అది లారీల మార్కెట్. అక్కడికి వెళ్లాలంటే అదే రోజు వచ్చే పక్క రైతులతో కలిసి ఒక బండి మాట్లాడుకోవాలి. మీకు రైతుబజారే నయం, 1999లో మొదలుపెట్టింది మీలాంటి చిన్న రైతు నేరుగా అమ్ముకోవడానికే. మీకు అల్వాల్ వైపు దగ్గర పడుతుంది. అక్కడ కూర్చోవాలంటే రైతు గుర్తింపు కార్డు కావాలి, పాస్‌బుక్ తీసుకుని ముందు బజార్‌లోని ఎస్టేట్ ఆఫీసర్‌ని కలవండి, చేనులో నిజంగా ఆ పంట ఉందని అధికారులు చూసి రాయాల్సి ఉంటుంది, ఏ కాగితాలు కావాలో వాళ్లే చెప్తారు. ఒక పొద్దున ఊరికే వెళ్లి రేట్ల బోర్డు చూసి, జనం ఏ కట్ట ఎత్తుకుంటున్నారో, ఏ కట్ట కింద పెడుతున్నారో గమనించండి. పాలకూర వేర్లకి మట్టి అంటుకుని ఉంటే ఒకరు తాజాగా ఉందని తీసుకుంటారు, ఇంకొకరు కడుక్కోవాలని వదిలేస్తారు, కట్ట సైజు మాత్రం అందరూ చూస్తారు.

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో అమ్మడం కూడా పనికొస్తుంది, కాకపోతే వాళ్లకి ప్రతి వారం కావాలి, మీ దగ్గర ఒక వారం బెండ ఉండి ఇంకో వారం ఉండదు. అందుకే ఆకుకూర మొత్తం ఒకే రోజు చల్లకుండా వారానికో మడి చొప్పున చల్లుకోండి. "ఆర్గానిక్" అని రాసుకోవడం మాత్రం ఆలోచించి చేయండి, మందులు వాడకపోయినా అడిగినవాళ్లకి చూపించడానికి కాగితం కావాలి, పీజీఎస్ అని రైతులే గుంపుగా ఒకరి చేను ఒకరు చూసి ధ్రువీకరించుకునే పద్ధతి ఒకటి ఉంది, కనీసం అయిదుగురు రైతులు కలవాలి. మీ ఊళ్లో ఇంకో నలుగురు ఉన్నారేమో చూడండి, ఉంటే బోయిన్‌పల్లి బండి కిరాయి కూడా అయిదు భాగాలవుతుంది.